నెల్లూరు తీరపు రైతు ఇల్లు

ఉత్తరాన రామాయపట్నం నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా సాగే నెల్లూరు తీరంలో, వరి పండించే కుటుంబాలు పందొమ్మిదో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం సగం వరకు కట్టుకున్న ఇళ్లు కోస్తా ఆంధ్ర మండువా సంప్రదాయానికి చెందినవి. ముందు పంచ, నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ గదులు, వెనుక పెరడు, పెరట్లో పశువుల కొట్టం, ధాన్యపు పురులు, గడ్డివామి, అన్నీ కలిసి ఒక ఆవరణ. గోదావరి, కృష్ణా డెల్టాల్లోని మండువా లోగిళ్లతో వీటికి పోలిక ఉన్నా, చలికాలం ముందు కురిసే పెద్ద వాన, ఉప్పు గాలి, రాయి కొరత వీటి కట్టుబడిని కొంత వేరు చేశాయి. మనుషుల నివాసంగా మాత్రమే చూస్తే ఈ ఇల్లు సగమే అర్థమవుతుంది. దాని కొలతలను నిర్ణయించినవి ఏడాది పొడవునా నిలవ ఉండాల్సిన ధాన్యం, కట్టేయాల్సిన పశువులు.

నేల, వాన, గాలి

పెన్నా డెల్టాలో ఎక్కడ తవ్వినా బంకమన్ను, లేదంటే ఇసుక. వెలికొండల రాయి పడమట చాలా దూరాన ఉంది. నెల్లూరు పరిసరాల మెట్టల్లో చిల్లులు చిల్లులుగా ఉండే ఎర్రటి లేటరైట్ దొరుకుతుంది కానీ బళ్లమీద తోలుకోవాలి. కలిగినవాళ్లు దాన్ని పునాదికి, అరుగు అంచుకు తెచ్చుకున్నారు, లేనివాళ్లు మట్టితోనే సరిపెట్టుకున్నారు. ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్ లోయల్లో, లేక్ డిస్ట్రిక్ట్‌లో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ పొలంలో ఏరి పారేసిన రాళ్లే గోడలయ్యాయి, పైకప్పుకు కూడా రాతి పలకలే పరిచారు. అక్కడి రైతు ఇంటికి గోడే ప్రాణం. నెల్లూరు తీరంలో ఆ స్థానం కప్పుది. గోడ కరిగితే మళ్లీ మన్ను తొక్కి పెట్టుకోవచ్చు. వాన కార్తెలో కప్పు లేచిపోతే ఇంట్లో ఉన్న గింజలన్నీ తడిసి మొలకెత్తుతాయి.

ఈ తీరానికి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనాలతో పడుతుంది. తుపానులూ ఆ నెలల్లోనే. 1927 నవంబరు తుపాను నెల్లూరును దెబ్బతీసింది. 1984 నవంబరులో శ్రీహరికోట వైపు, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటినవి ఇప్పటి పెద్దవాళ్లకు గుర్తున్నవి. మే నెలలో మాత్రం పడమటి వడగాలి ఉదయం నుంచే మొదలవుతుంది. సముద్రపు గాలి తిరిగితే గాని ఊరు ఊపిరి పీల్చుకోదు. అంటే ఇల్లు తూర్పు గాలిని పిలవాలి, తూర్పు నుంచే వచ్చే వానను ఆపాలి, పడమటి ఎండకు వీపు చూపాలి. తూర్పు ముఖంగా లోతైన పంచ, కిందికి దిగిన చూరు, పడమట కిటికీలు దాదాపు లేని మందపాటి గోడ ఈ మూడింటికీ కలిపి ఇచ్చిన జవాబు. వాస్తు నియమాలు దీనికి కొంత తోడ్పడ్డాయి, కొంత అడ్డొచ్చాయి. వంటిల్లు ఆగ్నేయంలో ఉంటే పడమటి గాలి వీచే వేళ నిప్పురవ్వలు ఇంటికి దూరంగా పోతాయి. మధ్యాహ్నం గాలి తిరిగాక అదే వంటింటి పొగ మండువాలోకి వస్తుంది. వంటింటిని అసలు ఇంటినుంచి కాస్త విడదీసి, నడుమ ఒక వసారా వేసిన ఇళ్లు కనిపించడానికి ఇదొక కారణం.

ఊరికి చోటు కూడా ఇలాగే ఎంపికైంది. పల్లపు నేల కయ్యలకు పోయింది, సముద్రం పూర్వకాలంలో వదిలి వెళ్లిన ఇసుక దిబ్బల మీద ఊళ్లు వెలిశాయి. దిబ్బ మీద వరద నిలవదు. ఇసుకలో పైపైన వాననీరు తియ్యగా నిలుస్తుంది, లోతుకు పోతే ఉప్పునీరు తగులుతుంది. అందుకే ఇక్కడ లోతైన బావుల కన్నా దొరువులకు ఆదరణ ఎక్కువ. దొరువంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంట. నారుమళ్లకూ, కూరపాదులకూ, ఇంటి వాడకానికీ అదే ఆధారం.

పెద్ద ఇళ్లు వచ్చిన కాలం

మట్టి గోడల తాటాకు ఇల్లు ఈ తీరంలో ఎంత పాతదో చెప్పలేనంత పాతది. టేకు స్తంభాల మండువా ఇళ్లు పల్లెల్లో పెరగడం మాత్రం నీటిపారుదలతో ముడిపడిన సంగతి. నెల్లూరు దగ్గర పెన్నా మీద 1855లో ఆనకట్ట వచ్చింది. 1880లలో సంగం ఆనకట్ట దానికి తోడైంది. చెరువుల మీద, వాన మీద ఆధారపడిన మాగాణికి కాలవ నీరు అందాక మొలగొలుకుల వంటి సన్న బియ్యం మద్రాసు అంగళ్లలో పేరు తెచ్చుకుంది. రైతు చేతిలో మిగులు కనిపించింది.

ఆ మిగులు ఇంటి రూపం ఎత్తడానికి రవాణా కూడా కావలసి వచ్చింది. మద్రాసు నుంచి ఉత్తరానికి ముక్కలు ముక్కలుగా పెరుగుతూ వచ్చిన కాలవను 1876–78 కరువు పనుల్లో పొడిగించి కలిపారు. అప్పటి గవర్నరు పేరిట అది బకింగ్‌హామ్ కాలవ అయింది. ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలోని పెదగంజాం నుంచి తమిళనాట మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల పొడవున సముద్రానికి సమాంతరంగా సాగే ఈ కాలవ మీద పడవలు ఉప్పు, వంటచెరకు, గుల్ల, కలప మోశాయి. మద్రాసు రేవులో దిగిన బర్మా టేకు పెద్ద రోడ్లు లేని ఊళ్లకు సైతం చేరగలిగింది. 1899లో మద్రాసు, బెజవాడలను కలిపే రైలు మార్గం పూర్తయ్యాక కడప నాపరాళ్లు, మిల్లు పెంకులు కూడా వచ్చాయి. నేల మీద నల్లని కడప బండలు, తల మీద మిల్లు పెంకు ఉన్న ఇంటిని చూస్తే అది రైలు వచ్చాక కట్టినదో, రైలు వచ్చాక మరమ్మతు చేసినదో అని అనుకోవడం చాలావరకు సరిపోతుంది.

కట్టిన సంవత్సరం తెలుసుకోవడం ఇక్కడ అంత సులువు కాదు. ఉత్తర ఇంగ్లండులో గుమ్మం పైరాతి మీద భార్యాభర్తల పేర్ల పొడి అక్షరాలు, సంవత్సరం చెక్కించే ఆచారం పదిహేడో శతాబ్దం నుంచి ఉంది. నెల్లూరు పల్లెల్లో మిద్దె ఇళ్ల పిట్టగోడ మీద సున్నపు పనితో సంవత్సరం అంకెలు వేయించడం ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన ముచ్చట. అంతకు ముందరి ఇంటికి స్తంభాల చెక్కుడు, పెంకు రకం, ఇటుక మందం, ఆస్తి పంపకాల కాగితాలే సాక్ష్యం.

అంకణాలు, గదులు

ఇంటి కొలతకు ప్రమాణం అంకణం. రెండు దూలాల నడుమ ఉండే ఖాళీ ఒక అంకణం. మూడంకణాల ఇల్లు, అయిదంకణాల ఇల్లు అని చెబితే ఎన్ని దూలాలు, ఎన్ని స్తంభాలు కావాలో వడ్రంగికి తెలిసిపోతుంది. కలప పొడవు అంకణాన్ని నిర్ణయించింది, అంకణం గదిని నిర్ణయించింది. దూలాలు మరుగునపడ్డాక కూడా ఆ కొలత పోలేదు. నెల్లూరులో ఇంటి స్థలాలను ఇప్పటికీ అంకణాల లెక్కనే అమ్ముతారు, అంకణానికి 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు వెళితే అదే పేరుకు 36 చదరపు అడుగులే, కొనేవాళ్లు అడిగి తెలుసుకోవాల్సిందే.

వీధి నుంచి లోపలికి వచ్చే క్రమం ఎవరు ఎంతవరకు రావచ్చో చెప్పే క్రమం కూడా. వీధి అరుగు ఊరందరిది. దారిన పోయేవాళ్లు కూర్చుంటారు, కూలి లెక్కలు, నీటి తగాదాలు అక్కడే తెగుతాయి. అరుగు పైన పంచ. పంచ దాటితే వీధి తలుపు. ఇంటి మొత్తంలో పనితనం ఎక్కువగా కనిపించేది ఈ ద్వారబంధం మీదే. పై కమ్మీ మీద గజలక్ష్మి, పక్కల తామరలు, చిలకలు, లతలు, లోపల అడ్డగడియ. గడప ఎత్తుగా ఉంటుంది. అది వాననీటిని, పాములను ఆపుతుంది, పసుపు పూసి కుంకుమ పెట్టడానికి అనువుగానూ ఉంటుంది.

తలుపు దాటాక చిన్న నడవ, ఆ తరువాత మండువా. నాలుగు వైపుల కప్పులు లోపలికి వాలి నడిమి ఖాళీ చుట్టూ చూరుగా ఆగుతాయి. ఆ చూరును మోసేవి నాలుగో, ఎనిమిదో స్తంభాలు. కింద రెండు మూడు అంగుళాల నుంచి ఒక అడుగు దాకా లోతు చేసిన తొట్టి లాంటి నేల, దాని మూలన నీరు బయటికి పోయే తూము. వానాకాలం చూరు కింద గంగాళాలు పెట్టి నీళ్లు పట్టుకునే అలవాటు ఉండేది. బావినీరు ఉప్పగా ఉండే ఊళ్లలో అది అలవాటు కన్నా అవసరం. వేసవిలో మండువాలోంచి వేడిగాలి పైకి పోతుంటే వీధి తలుపు, పెరటి తలుపు ఒకే వరసన ఉండటంవల్ల చల్లగాలి లోపలికి లాగబడుతుంది. మండువాకు ఒక లోపం ఉంది, దాన్ని పొగిడేవాళ్లు సాధారణంగా దాటేస్తారు. రెండు వాలులు లోపలి మూలల్లో కలిసే నాలుగు చోట్లా నీరు ఒకేసారి చేరుతుంది, కురిసేది అక్కడే, కలప ముందుగా పుచ్చేదీ అక్కడే. పాత ఇంటి పరిస్థితి తెలుసుకోవాలంటే ఆ నాలుగు మూలల వాసాలు చూస్తే చాలు.

మండువా చుట్టూ నట్టిల్లు, పడకగదులు, దేవుడి గది, ధాన్యపు కొట్టు, వంటిల్లు ఉంటాయి. గదులు చిన్నవి, చీకటివి. పగలు బతుకంతా మండువా వసారాల్లోనూ, పంచలోనూ గడుస్తుంది కాబట్టి గది అంటే దాచుకునే చోటే. గోడల్లో దీపపు గూళ్లు, చిలక్కొయ్యలు, దూలానికి ఉట్టి, వంటింటి పక్కన పాలు కాగే దాలి, కప్పు కింద అటక. వెనుక వసారాలో రోలు, తిరగలి, కుందెన. ఆడవాళ్ల పగటి పని అంతా ఈ వెనుక భాగంలోనే జరిగేది, మగవాళ్ల వ్యవహారం ముందు భాగంలో. పాలేళ్లు పెరటి దారిన వచ్చేవారు, దళిత కూలీలకు చాలా ఇళ్లలో కొట్టం దాటి ప్రవేశం ఉండేది కాదు. ఇంటి నక్షా గీసేటప్పుడు ఈ గీతలు కనబడవు గానీ, రెండు దారులు, రెండు నీటి తావులు ఎందుకున్నాయో వీటిని తలచుకోకుండా చెప్పడం కుదరదు.

గోడలు

సామాన్య రైతు ఇంటి గోడ తొక్కుడు మట్టిది. బంకమన్నులో ఇసుక, తరిగిన వరిగడ్డి, ఊక కలిపి, నీళ్లు పోసి కాళ్లతో తొక్కి, నానబెట్టి, ముద్దలుగా వరస మీద వరస పేరుస్తారు. ఒక వరస ఆరిందాకా రెండోది ఎక్కించరు. తొందరపడితే అడుగు వరస ఉబ్బుతుంది. కింద అడుగున్నర నుంచి రెండడుగుల మందంతో మొదలై పైకి సన్నబడుతుంది. బయట పేడ, మట్టి కలిపిన పూత, వాన తగిలే అడుగు భాగానికి ఏటేటా మరో పూత. ఈ గోడ పగటి వేడిని ఆపుతుంది కానీ నిలవ నీటికి తట్టుకోదు. ఎత్తైన అరుగు, ముందుకు పొడుచుకొచ్చిన చూరు అందుకే తప్పనిసరి.

కలిగినవాళ్ల ఇళ్లకు పలచని నాటు ఇటుక, సున్నం. సున్నం రాతిది కాదు, గుల్లది. పులికాట్ సరస్సులోనూ, సముద్రపు పాయల్లోనూ పొరలుగా పేరుకున్న గుల్లలను తవ్వి, బట్టీల్లో కాల్చి, నీళ్లు చల్లి పొడిచేసేవారు. తరువాత ఆ సున్నం, ఇసుక గానుగలోకి పోయేవి. వలయంగా కట్టిన రాతి కాలవలో ఎద్దు లాగే రాతి చక్రం దాన్ని గంటల తరబడి నూరేది. నూరిన కొద్దీ సున్నానికి పట్టు పెరుగుతుంది. పైపూతకు బెల్లం నీళ్లు, కరక్కాయ ఊరిన నీళ్లు కలిపేవారు. గుల్ల సున్నపు నున్నని పూత నిగనిగలాడుతూ తెల్లని గచ్చులా నిలుస్తుంది. ఉప్పు గాలి ఉన్న చోట దీనికొక గుణం ఉంది. నేల నుంచి ఎక్కే చెమ్మను ఇది బయటికి పోనిస్తుంది. ఉప్పు పైపూత మీద పేరుకుని పూత రాలుతుంది, లోపలి ఇటుక నిలుస్తుంది, కొన్నేళ్లకు పూత కొత్తగా వేసుకుంటే సరిపోతుంది.

కప్పు

కప్పుకు ఈ తీరం ఇచ్చిన గొప్ప వస్తువు తాటిచెట్టు. ముదిరి చేవ దేలిన తాడి బయటి పొర నల్లని పీచుతో ఇనుములా ఉంటుంది, లోపలి గుజ్జు పనికిరాదు. మానును నిలువుగా చీల్చి, గుజ్జు తీసేసి, బద్దెలుగా, వాసాలుగా వాడతారు. లేత తాటికి పురుగు పడుతుంది, అందుకని ఎంపికలో పెద్దవాళ్ల మాటకు విలువ. స్తంభాలకు, ద్వారబంధాలకు టేకు, వేప. తీరపు ఇసుకలో సరుగుడు తోటలు పెరిగాక పాకలకు, కొట్టాలకు సరుగుడు వాసాలు వచ్చాయి.

వాసాల మీద నాటు పెంకు. కుమ్మరి సారె మీద గొట్టంగా లాగి, పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా రెండుగా కోసి కాల్చిన అర్ధచంద్రాకారపు పెంకు ఇది. ఒక వరస వెల్లకిలా, దాని అంచుల మీద మరో వరస బోర్లా. మేకులేవీ ఉండవు, బరువే పట్టు. కోతులు, పిల్లులు, గాలి ఏడాదంతా వాటిని కదిలిస్తూ ఉంటాయి కాబట్టి వానలకు ముందు కప్పెక్కి విరిగినవి తీసి, మిగిలినవి సర్దడం ఏటేటా తప్పని పని. తుపాను గాలి చూరు కిందికి దూరి పెంకులను లేపుతుంది. చూరు అంచున, కొప్పు మీద సున్నంతో పట్టీలు వేయడం దానికి విరుగుడు.

మిల్లు పెంకు వేరే కథ. ఫ్రాన్స్‌లో గిలార్డోని సోదరులు 1841లో రూపొందించిన, ఒకదానికొకటి గాడిలో దిగే పెంకును బాసెల్ మిషన్ 1865లో మంగళూరులో తయారుచేయడం మొదలుపెట్టింది. తెలుగునాట దాన్ని బెంగుళూరు పెంకు అన్నారు. చదరపు గజానికి బరువు తక్కువ, కలప కలిసొస్తుంది, సర్దుబాటు పని తగ్గుతుంది. కానీ తేలిక కావడంవల్ల గాలికి లేవడమూ ఎక్కువే.

అంతకన్నా భద్రం కోరినవాళ్లు మిద్దె వేసుకున్నారు. టేకు దూలాల మీద అరచేతిపాటి పలచని ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికించేవారు. దానిపై ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరచి, బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు. ఆడకూలీలు వరసగా కూర్చుని పాటకు కొట్టేవారు. ఆఖరున చదును పెంకు, పూత. మద్రాసు మిద్దెగా పేరుపడిన ఈ కప్పు తుపానుకు కదలదు. ధాన్యం ఎండబోసుకోవడానికి, వేసవి రాత్రి పడుకోవడానికి పైనొక నేల దొరుకుతుంది. సొమ్మున్న ఇళ్లలో ముందు భాగం మిద్దె, మండువా చుట్టూ పెంకు అనే మిశ్రమ రూపం కనిపించడం విచిత్రమేమీ కాదు.

ఆవరణ

మొలగొలుకులు వానలు వెనకపట్టాక, సంక్రాంతి దాటి కోతకు వస్తాయి. కళ్లంలో నూర్చిన ధాన్యాన్ని ధర వచ్చేదాకా, కొంత మళ్లీ పంట దాకా ఉంచాలి. మెట్ట ఊళ్లలోలాగా పాతర తవ్వితే ఇక్కడ నీరు ఊరుతుంది. కనుక నిలవ అంతా నేల పైనే. పెరట్లో ఎత్తుచేసిన చోట గడ్డి పరచి, వరిగడ్డితో పేనిన లావాటి తాడును చుట్టలు చుట్టలుగా చుట్టుకుంటూ లోపల ధాన్యం పోస్తూ పురి కట్టేవారు, పైన గడ్డి టోపీ. ఇంటి లోపల చెక్కల గాదె, వెదురు తడికకు పేడ మెత్తిన గరిసె. ఎన్ని పురులు లేచాయన్నది వీధిలోంచే కనబడేది, పెళ్లి సంబంధాలవాళ్లు చూసేదీ అదే.

పశువుల కొట్టం ఇంటికి ఎడంగా, తాటి స్తంభాల మీద తాటాకు కప్పుతో ఉంటుంది. లోపల గాడి, పక్కన కుడితి తొట్టి, వెనుక పెంటదిబ్బ. బ్రెజిల్ వాళ్లు నెలోర్ అనే పేరుతో పెంచుతున్న పశుజాతికి మూలమైన ఒంగోలు జాతి ఎడ్లు ఈ ప్రాంతపు కొట్టాల్లో గౌరవంగా మేసినవే. ఉత్తర ఇంగ్లండు పెనైన్ కొండల్లో ఇల్లు, ధాన్యపు కొట్టు, పశువుల కొట్టం ఒకే కప్పు కింద వరసగా ఉండే లెయ్త్ ఇళ్లు కట్టారు. అక్కడి చలిలో శీతాకాలమంతా పశువులను లోపలే మేపాలి. ఇక్కడ భయం చలికి కాదు, నిప్పుకు. తాటాకు, గడ్డివామి, పురులు ఒకచోట చేరిన పెరట్లో పొయ్యి ఎంత దూరముంటే అంత మంచిది.

ఈ ఆవరణను నడిపినవాళ్ల ఇళ్లు దీనికి భిన్నం. కూలీలు, చేపలు పట్టే పట్టపువారు, యానాది గిరిజనులు ఉండే పాకలకు, గుండ్రని గుడిసెలకు నిట్రాడ, సరుగుడు వాసాలు, తాటాకు. చూరు దాదాపు నేలను తాకుతుంది. గాలికి పట్టు దొరకని ఆ రూపం చిన్న గాలివానలకు తట్టుకునేది, పెద్ద తుపానుకూ ఉప్పెనకూ నిలిచేది కాదు. తాటాకు మూడు నాలుగేళ్లకొకసారి మార్చాలి. మండువా ఇళ్లు మిగిలి ఇవి మిగలకపోవడంతో పాత ఊరంతా మండువా ఇళ్లే అన్న భ్రమ ఏర్పడుతుంది.

మార్పు

ట్రాక్టరు వచ్చి కొట్టాన్ని ఖాళీ చేసింది. ధాన్యం కళ్లం నుంచే మిల్లుకు పోవడంతో పురి కట్టేవాళ్లు లేరు. 1973 భూసంస్కరణల చట్టం పెద్ద కమతాలకు పరిమితి పెట్టింది, అన్నదమ్ముల పంపకాలు ఇంకా ముందుకు వెళ్లి మండువా నడుమ గోడ లేపాయి. 1984, 1989 తుపానుల తరువాత కాంక్రీటు స్లాబు అంటేనే భద్రత అన్న నమ్మకం బలపడింది. అది చాలావరకు న్యాయమైన నమ్మకమే. 1990లలో తీరం వెంట రొయ్యల చెరువులు కొత్త డబ్బు తెచ్చాయి, ఆ డబ్బు పాత ఇంటిని బాగుచేయడానికి కాక కొత్త మేడకు పోయింది. ఉప్పు గాలికి స్లాబులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడటం అప్పటికింకా ఎవరికీ అనుభవంలోకి రాలేదు.

చట్టపు రక్షణ ఈ ఇళ్లకు దాదాపు అందదు. 1958 కేంద్ర పురావస్తు చట్టం కనీసం నూరేళ్ల వయసు, జాతీయ ప్రాముఖ్యం చూస్తుంది, కోటలకు, గుళ్లకు అది తగినది. ఇంగ్లండులో 1947 పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం తరువాత సాధారణ రైతు ఇళ్లు సైతం జాబితాకెక్కాయి, అనుమతి లేకుండా కిటికీ మార్చడానికీ వీల్లేదు. లేక్ డిస్ట్రిక్ట్‌లోని టౌన్‌ఎండ్ అనే ఇంట్లో ఒకే రైతు కుటుంబం 1943 దాకా ఉండి, తరువాత అది నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. చెన్నై దగ్గరి దక్షిణచిత్ర ప్రదర్శనశాలలో విశాఖ తీరపు చుట్టిల్లు రూపం ఉంది, నెల్లూరు తీరపు ఇళ్లను మాత్రం ఊళ్లలోనే వెతుక్కోవాలి.

నిలిచి ఉన్న ఇళ్లకు ఇప్పుడు వానకన్నా ఎక్కువ హాని చేస్తున్నది సిమెంటు పూత. మట్టి, సున్నపు గోడ మీద సిమెంటు వేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, ఉప్పు లోపలే గట్టిపడి ఇటుకను పిండి చేస్తుంది, కొన్నేళ్లకు పూత పలకలుగా ఊడుతూ గోడను వెంట తీసుకుపోతుంది. మళ్లీ గుల్ల సున్నం వాడాలంటే గానుగ తిప్పినవాళ్లు, పాళ్లు తెలిసిన మేస్త్రీలు దొరకాలి. కారైకుడి, చెన్నై వైపు పాత కలప వ్యాపారులు మాత్రం వెతకకుండానే వస్తారు. ద్వారబంధం, స్తంభాలు, దూలాలు విడివిడిగా ధరపలుకుతాయి, మొత్తం ఇంటికన్నా ఆ ముక్కలకే ఎక్కువ వస్తుండటంతో చాలా ఇళ్లు కూలకముందే విప్పబడుతున్నాయి.